నాలుగు టైర్లకు సరిపోయిన గ్యాసు

దెయ్యాల కబుర్లు మొదలైతే లేచి వెళ్ళిపోయే రకం నేను. నరసన్నపేట దగ్గర లారీలు తూచే కాటా నడుపుతున్నాను. చదువు పదో తరగతితో ఆగిపోయినా, లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. ఎవరైనా ఏదో చూశామని చెబితే ఎంత దూరం నుంచి చూశారని, వెలుతురు ఎంత ఉందని అడుగుతాను. సాధారణంగా రెండో ప్రశ్న దగ్గరే వాళ్ళ కథ ఆగిపోతుంది.

ఇప్పుడు నేను రాస్తున్నది పట్టపగలు జరిగింది. నాకు జ్వరం లేదు, నిద్రమత్తు లేదు.

మా అప్పది ఉద్దానంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు. అక్కను మా వైపు అప్ప అంటాం. కిడ్నీలు పాడై కొన్నేళ్ళుగా వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయించుకుంటోంది. ఆ ప్రాంతంలో ఈ జబ్బు గురించి ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

మా బావ సింహాచలం కొబ్బరి, జీడిపిక్కల వ్యాపారం చేస్తాడు. నాలుగు చక్రాలూ లాగే పాత జీపు ఒకటుంది. తోటల్లో అంతా ఇసుక దారి. ఇసుకలో బండి కూరుకుపోకుండా ఉండాలంటే టైర్లలో గాలి సగానికి పైగా తీసేయాలి. తారు రోడ్డెక్కగానే మళ్ళీ కొట్టాలి. అలాగే వేగంగా పోతే టైరు వేడెక్కి చిరుగుతుంది, మలుపులో రిమ్ము నుంచి ఊడిపోతుంది. గోలీసోడా కొట్లలో వాడే గ్యాసు సిలిండరు చిన్నది ఒకటి కొనిపించి, దాంతో గాలి కొట్టడం బావకు నేనే అలవాటు చేశాను. పైపు తగిలించి సిలిండరు మర తిప్పితే రెండు నిమిషాల్లో టైరు ముప్పై పాయింట్లకు నిండుతుంది.

దీంతో ఒక చిక్కుంది. లోపల గ్యాసు నీళ్ళలా ద్రవంగా ఉంటుంది. అందుకని దాదాపు అయిపోయేదాకా సిలిండరు మీటరు ముల్లు కదలదు. ఎంత మిగిలిందో తెలియాలంటే తూచాల్సిందే. ఖాళీ బరువు సిలిండరు మెడ మీద చెక్కి ఉంటుంది. దానికంటే ఎంత ఎక్కువ తూగితే అంత గ్యాసు. ఆ జీపుకు ఒక్కో టైరు నింపడానికి నూట యాభై గ్రాములు పడుతుంది. ఎన్నోసార్లు తూచి తేల్చిన లెక్క ఇది.

“ఒరే బామ్మర్దీ, గాలిక్కూడా తూకం ఏసీవోడివి ఈ జిల్లా మొత్తానికి నువ్వొక్కడివేరా” అని బావ ఎగతాళి చేసేవాడు.

ఈ సంగతి జరిగిన ఏడు తుపాను ఉద్దానాన్ని ఊడ్చేసింది. రోడ్ల మీద కొబ్బరి చెట్లు అడ్డంగా పడ్డాయి. కరెంటు లేదు, ఫోన్లు లేవు. అయిదో రోజున నీళ్ళడబ్బాలు, బియ్యం మోసుకుని, చెట్లు దాటుకుంటూ నడిచి ఊరు చేరాను. అప్ప దిండ్లకు ఆనుకుని కూర్చునుంది. మొహం, పాదాలు ఉబ్బిపోయాయి. పడుకుంటే ఊపిరి అందడం లేదు. డయాలసిస్ రెండు విడతలు తప్పిపోయాయి.

“ఒచ్చినావా? బువ్వ తిన్నావేటిరా?” అని అడిగింది. ఆ రెండు మాటలకే ఆయాసపడిపోయింది.

నేను వెళ్ళిన కాసేపటికి ఆశా కార్యకర్త కబురు తెచ్చింది. ఆసుపత్రిలో జనరేటరుకు సాయంత్రం వరకే డీజిలుంది. ఆలోగా తీసుకొస్తే మిషను ఎక్కిస్తారు. మర్నాడి సంగతి వాళ్ళకే తెలియదు.

రోడ్డు మూసుకుపోయింది కాబట్టి సముద్రపు ఒడ్డున ఇసుకలోంచి పోయి, హైవే ఎక్కడం ఒక్కటే దారి. జీడిపిక్కలు తూచే కొక్కెం కాటాకు సిలిండరు తగిలించాను. నూట యాభై గ్రాములు. సరిగ్గా ఒక టైరుకు సరిపడా గ్యాసు.

“బావా, నాలుగింటికి సాలదు” అన్నాను.

“తెలుసురా. ముందు ఇసక దాటితే, రోడ్డు మీద లారీవోడు ఎవుడైనా గాలి కొడతాడు. కాటా జీపులో పడీసి ఎక్కు, ఎల్దుం” అన్నాడు.

అప్పను వెనక సీట్లో కూర్చోబెట్టి బయల్దేరాం. ఒడ్డంతా విరిగిన తెప్పలు, పీకేసిన మొక్కలు. రెండుచోట్ల కూరుకుపోతామనుకున్నాం. మొత్తానికి మధ్యాహ్నం మూడు దాటాక హైవే పక్కకు చేరాం.

అక్కడ పంక్చరు కొట్టుంది గానీ కరెంటు లేక మూసేశారు. లారీ ఒక్కటీ లేదు. ఇంకా ముప్పై కిలోమీటర్లు పోవాలి. ఉన్న కొద్దిపాటి గాలితో మెల్లగా పోతే చీకటి పడ్డాకే చేరతాం. లారీ దొరుకుతుందేమో చూసొస్తానని బావ రోడ్డు వెంట పరుగెత్తాడు.

ఉన్న గ్యాసును నాలుగు టైర్లకూ సమానంగా పంచుదామని నా ఆలోచన. ఒక్కోదానికి నాలుగు పాయింట్లు ఎక్కినా నయమే. ముందు ఎడమ టైరుకు పైపు తగిలించాను. అప్పుడే అప్పకు దగ్గు తెర వచ్చింది. దగ్గు తగ్గేదాకా అటే చూసి, మళ్ళీ పైపుకున్న మీటరు చూసేసరికి ముప్పై చూపిస్తోంది. గ్యాసంతా ఒక్క టైరుకే పోసేశాను.

అయినా రెండో టైరుకు తగిలించాను. ఎందుకంటే చెప్పలేను, చేతులు ఊరుకోలేదంతే. సుయ్యిమని గ్యాసు వచ్చింది. ముప్పై. మూడో టైరు, ముప్పై. నాలుగోది కూడా ముప్పై దగ్గర నేనే కట్టేశాను.

సిలిండరు మీద తెల్లగా మంచు కట్టింది. వేగంగా వదిలితే అది మామూలే. కానీ నడుం దగ్గర రెండు పక్కలా మంచు లేదు. రెండు అరచేతులు అదిమి పట్టుకుంటే కరిగినట్టుంది. నా ఒక చెయ్యి పైపు మీద, ఒక చెయ్యి పైనున్న మర మీద ఉన్నాయి. నడుం దగ్గర నేను పట్టుకోలేదు.

ఇంకో సంగతి నాకు తర్వాత తట్టింది. ఆ సిలిండరు నిలువుగా ఉండాలి. పడుకుంటే లోపలి ద్రవం పైపులోకొచ్చి గడ్డకడుతుంది. అడుగు గుండ్రం, అక్కడంతా ఏటవాలు కంకర. రోజూ బావ పట్టుకుంటేగానీ నిలబడదు. ఆ రోజు నాలుగు టైర్ల దగ్గరా నిలబడింది.

బావ రొప్పుతూ తిరిగొచ్చి టైర్లు చూశాడు. “ఏ లారీవోడు కొట్టినాడ్రా?”

“ఎవుడూ నేదు. నువ్వు బండి తియ్యి” అన్నాను.

బండి కదిలాక అప్ప నా భుజం తట్టింది. “ఆ తాతకి సేతులు సల్లబడిపోయుంటాయి. నా తువ్వాలైనా ఇయ్యకపోతిమి” అంది. ఒంట్లో విషం పేరుకుంటే మనిషి ఏవేవో మాట్లాడుతుందని డాక్టర్లు చెప్పగా విన్నాను. అదే అనుకున్నాను.

అప్పను మిషను ఎక్కించిన గంటన్నర తర్వాత ఆమె ఊపిరి నెమ్మదించడం చూశాను. అప్పుడు జీపు దగ్గరకెళ్ళి సిలిండరు తూచాను. మెడ మీద చెక్కిన ఖాళీ బరువెంతో అంతే తూగింది. అంటే ఉన్న నూట యాభై గ్రాములూ అయిపోయాయి. మిగతా మూడు టైర్లలోకి వెళ్ళింది ఎక్కడిదో ఆ కాటా చెప్పలేదు.

దారులు తెరిచాక కొక్కెం కాటాను నా తూకపురాళ్ళతో పరీక్షించాను. పది గ్రాములు కూడా తేడా లేదు. టైర్లను ఇంకో మీటరుతో చూశాను. ముప్పైకి కాస్త అటూ ఇటూగా ఉన్నాయి. ఎండకు గాలి వ్యాకోచించిందనుకున్నా రెండు మూడు పాయింట్లకు మించదు. సిలిండరులో మళ్ళీ నూట యాభై గ్రాములే ఉంచి చూశాను. ఒక టైరు నిండింది. రెండోదానికి సిలిండరు నిట్టూర్చి ఊరుకుంది.

మంచు మీది గుర్తులు నేనే పొరపాటున పట్టుకున్నవి కావచ్చు. అప్ప చూసింది భ్రమ కావచ్చు. ఇవి ఒప్పుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. కానీ నాలుగు వందల యాభై గ్రాములు భ్రమలోంచి రావు.

అప్ప ఈ రోజుకీ మా మధ్య ఉంది. డయాలసిస్‌కు వెళ్ళొస్తూనే ఉంది, మనవరాలికి జడలు వేస్తోంది, నన్ను తిడుతోంది. ఆ సాయంత్రం డ్యూటీ చేసిన నర్సమ్మలకు, డీజిలు పొదుపుగా దాచి ఉంచినవాళ్ళకు మేము చేతులెత్తి దండం పెట్టాం. ఒక్కరికి మాత్రం పెట్టలేకపోయాం.

ఒళ్ళు కుదుటపడ్డాక ఒకరోజు అప్పను నిదానంగా అడిగాను, ఏం చూశావని. తడుముకోకుండా చెప్పింది. ముసలాయన, ఒంటిమీద చొక్కా లేదు, మడమల మీద కూర్చుని సిలిండరును రెండు చేతులా పట్టుకున్నాడు. నేను ఏ టైరు దగ్గరికెళితే ఆ టైరు దగ్గరికి వచ్చాడు. ఆమెకు ఇందులో వింతేమీ లేదు. ఎవరో దారినపోయేవాడు సాయం పట్టాడు, అంతే.

“అంత సాయం సేసిన మనిసిని పేరైనా అడగనేదేటిరా?” అని కసిరింది.

“అడగనేదప్పా” అన్నాను.

ఆ మధ్యాహ్నం గురించి నేను ఖాయంగా చెప్పగలిగింది ఇప్పటికీ అదొక్కటే.