కుక్కరు పక్కన గార్డు ఉద్యోగం

విజిల్ మామ వీధి చివర నిలబడి, ఒక్క విజిల్ వింటే చాలు, ఆ ఇంటి కుక్కర్లో ఉడుకుతున్నవి బఠానీలా బంగాళాదుంపలా చెప్పేస్తాడు. బఠానీలైతే ఎన్నో కూడా చెబుతాడు. సరే, ఎన్నో అన్నది కాస్త ఎక్కువైంది. వీధి చివర నుంచి కూడా కాదు, గుమ్మం దగ్గర నుంచే. బంగాళాదుంపల విషయంలో రెండుసార్లు బోల్తాపడ్డాడని గిట్టనివాళ్లు అంటారు. కానీ విజిల్ విని ఆ కుక్కరు రబ్బరు ఎన్నాళ్ల కిందట మార్చారో చెప్పడం మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. తగ్గిస్తే ఒక్క పాలు తగ్గించుకోండి.

ఆయన వృత్తి కుక్కర్లు బాగుచేయడం. మూడంతస్తుల మేడ మెట్ల కింద మిగిలిన జాగాయే దుకాణం. నిలబడితే తల మెట్లకు కొట్టుకుంటుంది కాబట్టి ముప్పై ఏళ్లుగా కూర్చునే ఉన్నాడు. గోడ నిండా మేకులు, మేకుల నిండా నల్లటి రబ్బరు చుట్టలు. ముందు ఒక ఇనుప దిమ్మ, సొట్టలు తీసే చెక్క సుత్తి, బాగుచేసిన మూత ఆవిరి వదులుతోందో లేదో చూసుకోవడానికి ఒక స్టవ్వు, నీళ్ల బకెట్టు. ఆయనకు కోపం రావడం ఎవరూ చూడలేదు. ఎదుటివాళ్లకు వస్తే మాత్రం ఆవిరంతా పోయేదాకా ఆగి, ఆ తర్వాతే మాట కదుపుతాడు. వేడి మీద మూత తీసే అలవాటు ఆయనకు కుక్కర్ల దగ్గరా లేదు, మనుషుల దగ్గరా లేదు.

అలాంటి మనిషికి ఒక సోమవారం ఉదయం చెమటలు పట్టాయి. పట్టించింది వియ్యంకుడు.

వియ్యంకుడంటే కూతురి మామగారు, రిటైరైన హెడ్ క్లర్కు. ఆఫీసులో గోడలకు అంటించిన ప్రతి నోటీసూ ఆయన చేతిరాతే. 'వరుస తప్పరాదు', 'కౌంటరుపై మోచేతులు ఆనించరాదు', 'అడిగిన ప్రశ్ననే మళ్లీ అడగరాదు' లాంటివన్నీ ముత్యాల్లాంటి అక్షరాల్లో రాశాడు. రిటైరయ్యాక ఆ చేతులు ఊరుకోలేదు. గోడ గడియారాలు విప్పాడు, రేడియో కట్టాడు, ఇప్పుడు ఇంజను మీద పడ్డాడు.

ఆ ఉదయం సంచిలోంచి కుక్కరు మూత తీసి దిమ్మ మీద పెట్టాడు.

"బావగారూ, దీని సేఫ్టీ వాల్వ్ పీకేసి, ఆ కన్నానికి సరిపోయే గట్టి బోల్టు ఒకటి బిగించి ఇవ్వండి."

"వంట చేయడానికేనా బావగారూ?"

"వంటేమిటి? ఇంట్లో వేరే గిన్నెల్లేవా? ఇది బాయిలరు."

ఆయన విడమరిచి చెప్పాడు. ఆదివారం మనవరాలి ఆరో పుట్టినరోజు. దానికోసం రైలింజను చేస్తున్నాడు, నిజమైన ఆవిరితో నడిచేది. కుక్కరుకు విజిల్ పెట్టే చోట సన్నని రాగి గొట్టం బిగించి ఇంజనుకు కలిపాడు. నిన్న నడిపి చూస్తే చక్రం నాలుగు చుట్లు తిరిగింది, అంతలో సేఫ్టీ వాల్వ్ తుస్సుమని ఊడి వంటిల్లంతా ఆవిరి చేసింది.

"నాసిరకం సరుకు బావగారూ. సరిగ్గా బలం పుంజుకునే సమయానికి చేతులెత్తేసింది. అందుకే బోల్టు. పాపే గార్డు. బాయిలరు పక్కనే పీట వేసి కూర్చోబెడతాను. పచ్చజెండా ఊపగానే ఇంజను కదులుతుంది. టోపీ కూడా కుట్టించాను."

సేఫ్టీ వాల్వ్ చేతులెత్తేయడం అంటే ఏమిటో, అది లేకపోతే చేతులెత్తేసేది ఏమిటో విజిల్ మామకు తెలిసినంతగా ఆ చుట్టుపక్కల ఎవరికీ తెలియదు. కానీ ఎదురుగా ఉన్నది కూతుర్నిచ్చిన ఇంటి పెద్ద. పైగా 'వద్దు' అన్న మాట చెవిన పడితే ఆ పనే రెండింతలు చేసే మనిషి. పోయినేడు కొడుకు "నాన్నా, ఆ రేడియో కాలిన వాసనొస్తోంది, వద్దు" అన్నందుకు పదకొండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. కాఫీ కావాలన్నా చీటీ మీద నోటీసు రాసి ఫ్రిజ్జుకు అంటించాడు. రేడియో మాత్రం పూర్తి చేశాడు. అది గోడను కూడా కాస్త కాల్చింది.

"బోల్టులు అయిపోయాయి బావగారూ" అన్నాడు విజిల్ మామ, బోల్టుల డబ్బా మీద కూర్చుని.

"దానికేముంది, ఇనుప సామాన్ల కొట్లో తీసుకుంటాను. బిగించడం నాకూ వచ్చు." మూత సంచిలో వేసుకుని హెడ్ క్లర్కు గారు హుషారుగా వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం విజిల్ మామ కూతురికి ఫోన్ చేశాడు.

"నాన్నా, నువ్వు మాత్రం వద్దనకు. వద్దంటే రెండు బోల్టులు బిగిస్తారు" అంది కూతురు.

"పోనీ ఆదివారం పాపని తీసుకుని ఇటు వచ్చేయమ్మా."

"అది పొద్దున్నుంచీ ఆ టోపీ తియ్యడం లేదు. అన్నం కూడా జెండా ఊపితేనే తింటోంది. దాన్ని ఎక్కడికి తీసుకురాను? అయినా మావయ్యగారి పక్కన అత్తయ్యగారు కూడా ఉంటారుగా నాన్నా. వాళ్లిద్దర్నీ ఏం చెప్పి అక్కడి నుంచి కదిలించను?"

ఆ మాటా నిజమే. ఫోను పెట్టేసి విజిల్ మామ చెక్క సుత్తి పట్టుకుని ఉత్త దిమ్మను కాసేపు కొట్టాడు. కొడుతుండగానే ఒకావిడ కుక్కరు పట్టుకొచ్చింది. సేఫ్టీ వాల్వ్ సందులో అగ్గిపుల్ల దూర్చి ఉంది.

"కారుతోందని పెట్టానండీ. తప్పా?"

ఆయన రోజుకు నాలుగుసార్లు చెప్పే మాటే మళ్లీ చెప్పాడు. ఆవిడ విని, "ఇంత సంగతుందని మాకెవరు చెబుతారండీ? ఒక బోర్డు పెట్టొచ్చుగా" అంది.

విజిల్ మామ లేచి నిలబడ్డాడు. తల మెట్లకు కొట్టుకుంది. ముప్పై ఏళ్లలో అది రెండోసారి. మొదటిసారి కూతురు పుట్టిందని కబురొచ్చినప్పుడు.

మర్నాడు పాత రేకు ఒకటి శుభ్రంగా తోమి, తెల్లరంగు పూసి, చంకన పెట్టుకుని వియ్యంకుడి ఇంటికి వెళ్లాడు. వెనక వరండాలో ఇంజను తయారై ఉంది. బిస్కెట్ల డబ్బా ఒళ్లు, పౌడరు డబ్బా పొగగొట్టం, దారపు రీళ్ల చక్రాలు, పక్కన ఒక పీట. పీట మీద 'గార్డు' అని ముత్యాల్లాంటి అక్షరాలు. విజిల్ మామ వంగి చక్రాన్ని వేలితో తిప్పాడు. ఎక్కడా తగలకుండా వెన్నలా తిరిగింది. పనివాడు కాబట్టి ఆ పనితనం చూసి మనసారా మెచ్చుకున్నాడు. బోల్టు ఊసు మాత్రం ఎత్తలేదు.

"మీ దగ్గరికి ఒక పని మీద వచ్చాను బావగారూ. నా దగ్గరికొచ్చేవాళ్లు చెబితే వినరు. రాసి పెడితే వింటారేమో. ఎవరిచేతో రాయిస్తే చదవరు. మీ చేతి అక్షరాలు కావాలి."

హెడ్ క్లర్కు గారి మీసం కింద చిరునవ్వు మొలిచింది. "ఎన్ని నిబంధనలు?"

"నాలుగు."

"కారణం తెలియకుండా నేను నిబంధన రాయను. కారణం లేని నోటీసు గోడను పాడుచేయడానికే. మీ దుకాణానికే వచ్చి రాస్తాను. ఒక్కొక్కటీ నాకు చూపించాలి."

"అంతకన్నానా?" అన్నాడు విజిల్ మామ.

బుధవారం హెడ్ క్లర్కు గారు కుంచెలతో, రంగు డబ్బాలతో దిగాడు. మెట్ల కింద ఇద్దరూ మోకాళ్లు తగిలేలా కూర్చున్నారు. మొదటి నిబంధన, రబ్బరు ఏడాదికోసారి మార్చాలి. కారణంగా విజిల్ మామ ఎండిపోయి పగుళ్లిచ్చిన రబ్బరు చూపించాడు. రెండోది, కుక్కరు నిండా కుక్కరాదు. మూడోది, మూత పెట్టేముందు ఆవిరి కన్నాన్ని వెలుతురుకు పెట్టి చూడాలి. ఒక్కోదానికీ సాక్ష్యం చూసి, అనుమానం తీర్చుకుని, హెడ్ క్లర్కు గారు తీరిగ్గా రాశాడు.

"నాలుగోది?"

"సేఫ్టీ వాల్వ్ తీసేసి ఇంకేదీ పెట్టరాదు."

హెడ్ క్లర్కు గారి కుంచె ఆగింది. "కారణం?"

విజిల్ మామ దిమ్మ వెనక నుంచి గోనె సంచి ఒకటి లాగాడు. అందులోంచి ఒక మూత తీశాడు. మూత అంటే మూతలా లేదు. ఎవరో రెండు చేతులా పట్టుకుని కాగితంలా మడిచినట్టుంది. మధ్యలో ఇనుప బోల్టు ఒకటి అలాగే బిగిసి ఉంది. మూతంతా చెడినా ఆ బోల్టు చెక్కుచెదరలేదు.

"ఒక భోజన హోటల్లోది బావగారూ. వాల్వ్ మాటిమాటికీ ఊడుతోందని బిగించుకున్నారు. ఇది రేకుల కప్పు చీల్చుకుని పోయి పక్క మేడ మీద పడింది."

"మనుషులకి?"

"వంటామె ఉప్పు కోసం పక్కగదికి వెళ్లింది. ఉప్పు అయిపోకపోతే అక్కడే ఉండేది."

"వాల్వ్ నాసిరకమా?"

"కాదండీ. మంచిది. లోపల ఒత్తిడి ఎక్కువైనప్పుడల్లా తన పని తాను చేసుకుపోయింది. అది ఊడిన ప్రతిసారీ వాళ్లని కాపాడింది. వాళ్లకి లీకనిపించింది."

హెడ్ క్లర్కు గారు మూతను చేతిలోకి తీసుకున్నాడు. బోల్టు తలను వేలితో తడిమాడు. తర్వాత ఆయన చెయ్యి తన చొక్కా జేబు మీదికి వెళ్లింది. జేబులో ఏదో బరువుగా వేలాడుతోంది. విజిల్ మామ ఆ జేబు వంక చూడలేదు. బకెట్లో నీళ్లు చాలా ముఖ్యమైనట్టు వాటిని చూస్తూ కూర్చున్నాడు. మేడ మెట్ల మీద ఎవరో పైకెళ్లారు, ఎవరో కిందికి దిగారు. మూత అలాగే వియ్యంకుడి ఒళ్లో ఉంది.

చాలాసేపటికి హెడ్ క్లర్కు గారు కుంచె ముంచి నాలుగోది రాశాడు. 'సేఫ్టీ వాల్వ్ స్థానంలో బోల్టు, మేకు, అగ్గిపుల్ల, ఇతరత్రా ఏ వస్తువునూ బిగించరాదు.' కింద ఇంకా కాస్త జాగా మిగిలింది. చెప్పకుండానే అయిదోది కూడా రాశాడు. అన్నిటికన్నా అది పెద్ద అక్షరాల్లో ఉంది.

'కుక్కరు పక్కన చిన్నపిల్లలను గార్డులుగా నియమించరాదు.'

కుంచెలు కడుక్కుంటూ మామూలు గొంతుతో అన్నాడు. "బావగారూ, నాకొక ఆలోచన వచ్చింది. ఆవిరి పాతకాలపు పద్ధతి. పైన ట్యాంకులో నీళ్లు ఊరికే ఉన్నాయి. కుళాయికి రబ్బరు గొట్టం తగిలించి చక్రం మీదికి వదిలితే ఇంజను రోజంతా నడుస్తుంది. మీకు తట్టలేదు చూశారా?"

"నాకెక్కడ తడుతుంది బావగారూ? నేను సొట్టలు తీసేవాణ్ణి."

"బోల్టు అయితే అనవసరం. మీ దగ్గర అయిపోయాయన్నారుగా, ఉంచండి." జేబులోంచి కొత్త బోల్టు తీసి దిమ్మ మీద పెట్టి వెళ్లిపోయాడు. మర్నాడు కుక్కరు కూడా దుకాణానికి పంపించేశాడు.

ఆదివారం వెనక పెరట్లో కుళాయి తిప్పారు. మనవరాలు టోపీ సర్దుకుని జెండా ఊపింది. బిస్కెట్ల డబ్బా ఇంజను చక్రాలు గిరగిరా తిప్పుకుంటూ పెరడు ఆ చివర నుంచి ఈ చివరికి మూడు ట్రిప్పులు నడిచింది. సరే, ఒక ట్రిప్పే, రబ్బరు గొట్టం ఎంత పొడవుంటే అంత దూరమే. ఆవిరి లేదు కాబట్టి కూత లేదు. ఆ లోటు మనవరాలు తన నోటితో తీర్చింది. అందరూ తడిసి ముద్దయ్యారు. వియ్యపురాలు తుండుగుడ్డతో అందరి తలలూ తుడుస్తూ, "అన్నయ్యగారూ, నా కుక్కరు నాకెప్పుడిస్తారు? వారం నుంచీ గిన్నెల్లో ఉడకబెట్టలేక చస్తున్నాను" అంది.

"తెచ్చానమ్మా, సంచిలో ఉంది. కొత్త వాల్వ్ వేశాను."

బోర్డు ఇప్పటికీ మెట్ల కింద వేలాడుతోంది. మొదటి నాలుగూ చదివి తలాడించినవాళ్లు అయిదోది చదివి మొహమొహాలు చూసుకుంటారు. మొన్న వచ్చినావిడైతే విజిల్ మామ కూతురి నోట సగం కథ విన్నాననీ, మిగతా సగం చెప్పాల్సిందేననీ పట్టుబట్టింది. అప్పుడు హెడ్ క్లర్కు గారు పక్కనే కూర్చుని, రంగు వెలిసిన మూడో నిబంధనను మళ్లీ దిద్దుతున్నాడు. ఆయన కుంచె గాల్లో ఆగింది.

విజిల్ మామ తలెత్తకుండా, చేతిలో రబ్బరు సాగదీస్తూ చెప్పాడు.

"అంతా కట్టుకథమ్మా. ఇంజనూ లేదు, బోల్టూ లేదు, ఆ మడిచిన మూతా లేదు. మా అమ్మాయికి చిన్నప్పటి నుంచీ లేనివి కల్పించడం అలవాటు. బోర్డు మీద జాగా మిగిలిందని బావగారు ఏదో ఒకటి రాశారు. నీ కుక్కరు ఇటివ్వు."