ఆనందరావు అసలు ఊరు

ఆనందరావుకు నెమ్మది ఎక్కువ. ఆ నెమ్మదంటేనే నాకు ఒళ్లుమంట. యూనివర్సిటీ కంప్యూటర్ ల్యాబులో పక్కపక్క కుర్చీల్లో పనిచేశాం కనుక ఆ మాట అనే హక్కు నాకుంది. వాళ్ల నాన్న చర్చి బడిలో పాఠాలు చెప్పడానికి తెనాలి నుంచి వచ్చాడు. ఈయన వారాసిగూడలో పుట్టి, తార్నాకలో ఇల్లు కట్టుకున్నాడు.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులవి. ఎంసీఏ చదివే భూదేవి అనే వరంగల్ పిల్ల, ఆయన దగ్గర కూర్చుని మా ల్యాబు కంప్యూటర్లను నడిపించడానికి మాకంటూ ఒక లినక్సు తయారుచేసింది. అప్పటికే ఉన్న డెబియన్ అనే లినక్సును తీసుకుని, తెలుగు అక్షరాలు చేర్చి, "జమ్మి" అని పేరు పెట్టారు. అంతటితో ఆగక భూదేవి "మనది మనదే ఉండాలె" అని డెబియన్ పేరున్న ఫైలును తీసిపారేసింది. ఇంకేముంది, ఏ సాఫ్ట్‌వేర్ ఎక్కించబోయినా ఇదేమిటో తెలియదని మొండికేసింది. ల్యాబంతా మూలపడింది.

అంతవరకు ఒక్కో లినక్సు తన పేరును తనకు తోచిన ఫైల్లో రాసుకునేది. అందరూ ఒకేచోట, ఒకే పద్ధతిలో రాయాలని అప్పుడే కొత్త ఫైలొకటి వచ్చింది. అందులో ఒక వరుసలో సొంత పేరు, మరో వరుసలో ఎవరి పోలికో రాయాలి. పేరు ఎరగని సాఫ్ట్‌వేర్ ఆ పోలిక చూసి పని జరిపిస్తుంది.

"రెండో వరుస ఖాళీగ ఉంచుదాం సార్. మనం ఎవల లెక్క ఉండాలె?" అంది భూదేవి.

"రెండూ రాద్దామ్మా. ముందు చదివేది నీ పేరే. పుట్టుక చెప్పినంత మాత్రాన పేరెక్కడికీ పోదు" అన్నాడు ఆనందరావు.

మొదటి వరుసలో జమ్మి, రెండో వరుసలో డెబియన్ అని రాశాక అంతా చక్కగా నడిచింది. ఆ పిల్ల చప్పట్లు కొట్టింది.

ఒక బంద్ రోజు తార్నాక చౌరస్తాలో కుర్రాళ్లు ఆయన స్కూటర్ ఆపారు. వెనక నేనున్నాను.

"ఏ ఊరు సార్ మీది?"

"తార్నాక."

"గట్ల కాదు. అసలు ఊరు?"

నోరు మూసుకుంటే పోయేది. "మా నాన్నది తెనాలి" అన్నాడు.

"అయితే గాడికే పోవాలె మీరు!" అని నవ్వారు.

ఆ గుంపులో భూదేవి ఉంది. ఆయన ఆమె వైపే చూశాడు. ఆమె తల దించుకుంది. నేను అరవబోతే ఆయన నా చెయ్యి పట్టి ఆపాడు.

"ముందు తార్నాక అనే కదా చెప్పాను" అన్నాడు ఇంటికొచ్చాక. ఆ ముఖం చూడలేకపోయాను.

భూదేవి మళ్లీ ల్యాబుకు రాలేదు. ఆ చలికాలంలో ఆనందరావు గుండె ఆగిపోయింది.

సమాధి దగ్గర చదవడానికి పాస్టరుగారు ఆనందరావు ఇంట్లో కూర్చుని వివరాలు రాసుకుంటూ, "స్వస్థలం?" అన్నారు. ఆనందరావు భార్య కరుణమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"తార్నాక" అంది అప్పుడే వచ్చి గుమ్మంలో నిలబడ్డ భూదేవి.

"అది నివాసం తల్లీ. అసలు ఊరు?"

"అసలు ఊరే గది. గీడోడే మా సార్."

ఇప్పుడు చెప్పి ఏం లాభమని నాకు కడుపు మండిపోయింది. కరుణమ్మ మాత్రం లేచి వెళ్లి ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది.

"ఈ మాట కోసమేనమ్మా, నువ్వొస్తావని మీ సారు రోజూ ఈ గుమ్మంలోనే కూర్చునేవారు" అంది.