జీడిచెట్టు దగ్గర ఊఁ అన్నది ఎవరు?

ఆ రోజుల్లో భయమనేది చదువుకోనివాళ్ళకు వచ్చే జబ్బని నా గట్టి నమ్మకం. మొక్కల ప్రజననంలో డాక్టరేటు పుచ్చుకుని, జీడిమామిడి పరిశోధనలో కొత్తగా చేరాను. (పెళ్ళిచూపుల్లో నన్ను "జీడిపప్పు సైంటిస్టు" అని పరిచయం చేస్తే, అమ్మాయి తండ్రి ఉప్మాలో పప్పునీ నన్నూ మార్చి మార్చి చూసి, వానల సంగతి ఎత్తుకున్నాడు.) సీతంపేట కొండల్లో ఒక సవర గూడెం పైన, నాలుగు పడితే గుప్పిలి మూయలేనంత లావు పిక్కలు కాసే ఒంటరి చెట్టు ఉందని తెలిసి వెళ్ళాను. మాట నిజమే. కాని కాండం తొలిచే పురుగు దాన్ని లోపలంతా తినేసింది, మొదలు చుట్టూ రంపప్పొట్టు రాలి ఉంది. ఆ వానాకాలం దాటితే చెట్టు ఉండదు, ఆ రకమూ ఉండదు. పిక్క నాటితే తల్లి గుణమే వస్తుందని జీడిలో చెప్పలేం. లేత కొమ్మ కోసుకెళ్ళి మరో మొక్కకు అంటు కట్టాల్సిందే.

చిక్కేమిటంటే, గూడెంలో పోయినవాళ్ళ పేరున నిలబెట్టిన రాళ్ళ మధ్య ఉంది ఆ చెట్టు. నడుమెత్తు రాళ్ళు, సంతలో ఒకరినొకరు ఆనుకుని కూర్చున్న మనుషుల్లా. నేను వెళ్ళిన రోజు పట్టపగలే మబ్బు కొండమీదికి దిగింది. నాలుగడుగుల అవతల ఏమీ కనబడడం లేదు. పిట్ట కూత లేదు. ఆకుల మీదినుంచి బొట్లు పడుతుంటే ఎవరో ఆగి ఆగి అడుగులేస్తున్నట్టుంది. మా డ్రైవరు (ప్రతి మలుపుకీ మోగిస్తాడు కనుక హారన్ బాబాయి అనేవాళ్ళం) కింద రోడ్డుమీద జీపులోనే ఉండిపోయాడు. నేను కత్తి తీసి తలెత్తేసరికి ఎదురుగా ఒక ముసలమ్మ. ఎప్పుడొచ్చిందో తెలియదు. నిప్పు లోపలికి పెట్టి కాలుస్తున్న అడ్డపొగ చుట్ట నోట్లోంచి తీసి, "ఏటి సేత్తన్నావు బాబూ?" అంది.

"కొమ్మలు కోసుకుంటానమ్మా. చెట్టు చచ్చిపోతోంది కదా, అంటు కడతాను."

"కోసుకో. మా ముసిలోడు ఏసిన సెట్టది. ఆడు నీ ఎనకాలే ఉన్నాడు, ఓ మాటడిగి కోసుకో."

నా వెనక ఉన్నది రాయి. నాకు నవ్వొచ్చింది. పెద్దావిడ మనసు కష్టపెట్టడమెందుకని, సెలవు చీటీ రాసే భాషలో, "అయ్యా, తమరి చెట్టునుంచి కొన్ని కొమ్మలు తీసుకొనుటకు అనుమతి కోరుచున్నాను" అన్నాను.

"ఊఁ."

మగ గొంతు. కఫం పట్టిన, వయసు మళ్ళిన గొంతు. నా వెనకనుంచి, మోకాలెత్తులోంచి వచ్చింది. ముసలమ్మ నా ఎదుటే ఉంది. హారన్ బాబాయి పనే అనుకునేంతలో, ఎక్కడో కింద జీపు హారన్ మోగింది. అప్పుడు నా నోటినుంచి వచ్చిన మాట, "థాంక్యూ సార్."

ముసలమ్మ నవ్వలేదు. "ఆడంతే. బతికున్నన్నాళ్ళూ ఏటడిగినా ఊఁ అనీవోడు. మా పెళ్ళికీ అదే అన్నాడు. బేగి కోసుకో బాబూ, వానొత్తాది."

పారిపోదామనే అనుకున్నాను. చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోయాయి. కొమ్మల్ని తడిగుడ్డలో చుట్టుకుని జీపు దగ్గరకు చేరేసరికి హారన్ బాబాయి ముఖం పాలిపోయి ఉంది. "పైన ఎవురండి సార్? ముసిలోడెవురో దగ్గుతున్నాడు. ఆ మూట ముందు సీట్లో వొద్దండి, ఎనక్కి ఏసీండి." కొండ దిగేదాకా ఆయన ఒక్క మలుపులోనూ హారన్ కొట్టలేదు.

మామూలుగా కట్టిన అంటుల్లో కొన్ని ఎండిపోతాయి. ఇవి కట్టినవి కట్టినట్టే చిగిర్చాయి. "నీ చెయ్యి మంచిదోయ్" అని పై అధికారి మెచ్చుకుంటే తల వంచుకుని నిలబడ్డాను. ఆ వానల్లోనే కొండమీది చెట్టు పడిపోయింది.

చలి మొదలయ్యాక ఒక సంతరోజున ముసలమ్మ మా నర్సరీకి వచ్చింది. వరసలన్నీ ఒక్కలాంటి నల్ల సంచులే. చీటీలు చదవడం ఆమెకు రాదు. ఎవరినీ అడగలేదు. నేరుగా ఆ వరస దగ్గరకు నడిచి, చతికిలబడి, ఒక లేతాకుని వేలితో నిమిరింది. "సిక్కిపోనాడు" అంది. వెళ్తూ వెళ్తూ, "ఆడికి సలంటే పడదు బాబూ. సూసుకో" అంది.

ఇప్పుడు నా జుట్టు నెరిసింది. ఆ చెట్టు సంతానం ఎన్నో కొండవాలుల్లో కాస్తోంది. ఏటా కొత్త అంటులు కడుతూనే ఉన్నాం. మంచు పడగానే ఆ వరసమీద గోనెపట్టా నా చేత్తో నేనే కప్పుతాను. "ఈ రకానికి మాత్రమే ఎందుకు సార్?" అని కొత్తగా చేరిన పరిశోధకులు అడుగుతారు. "వంశలక్షణం" అంటాను గంభీరంగా. వాళ్ళు బుద్ధిగా రాసుకుంటుంటే, నేను కళ్ళజోడు తుడుచుకునే నెపంతో అటు తిరుగుతాను.