క్రిస్మస్ సున్నం కింద వరద చార

దివిసీమ ఉప్పెన తర్వాత సముద్రం ఎంతదూరం చొచ్చుకొచ్చిందో ఊరూరా కొలిచి పటం గీసే పనిలో ఏడాది ఉన్నాను. నంద్యాలకు బదిలీ అయినప్పుడు నీళ్ల పీడ వదిలిందని సంబరపడ్డాను. వదల్లేదు. మరో తుఫాను తీరం దాటొచ్చి వానంతా నల్లమల మీద కుమ్మరిస్తే, ఆళ్లగడ్డ దగ్గర వక్కిలేరు వాగు పొంగింది. ముంపు హద్దు గీసుకురమ్మని మా ఇంజనీరు నన్ను పంపారు. ఆ గీత లోపల పడిన ఇళ్లకే మెరక మీద స్థలాలిస్తారు. గోడ మీద నీటి చార కనబడితేనే రాయాలి, నోటిమాటలు రాయకూడదన్నారు.

జనవరి మొదటివారంలో పొద్దున ఏడింటి బస్సెక్కాను. శిరివెళ్ల మీదుగా గంటన్నర ప్రయాణం, టికెట్టు మూడు రూపాయల లోపే. నా కొలకర్రను టాపు మీదికి ఎక్కించడానికి డ్రైవరు కాసేపు గొణిగాడు. ఆ చలి, కిటికీలోంచి వచ్చే జొన్నచేల వాసన తలుచుకుంటే ఇప్పటికీ బెంగగా ఉంటుంది.

వాగు పక్కనున్న క్రైస్తవుల పేటకు చేరేసరికి గోడలన్నీ తెల్లగా మెరుస్తున్నాయి. క్రిస్మస్‌కని ఇంటింటా సున్నం కొట్టేశారు. చార ఒక్కటీ లేదు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నీళ్లు ఇంతదాకా వచ్చాయని ఒకాయన మోకాలు చూపిస్తే ఇంకొకాయన రొమ్ము చూపించాడు. మధ్యాహ్నం నాకు సంగటి పెట్టిన బడి పంతులమ్మ సువార్తమ్మకు ఉన్నమాట చెప్పాను, చార లేకపోతే మీ పేట గీతకు బయటే ఉండిపోతుందని.

ఆమె లోపలికెళ్లి కొడవలి తెచ్చి వీధిగోడ గీకడం మొదలుపెట్టింది.

"పండగ గోడ అట్ల గీకుతాండావేందే?" అంది వాళ్ల అత్త.

"సున్నం మళ్లా కొట్టుకుంటాం అత్తా. బిడ్డలు పోతే యాడనుంచి తెస్తాం?"

సున్నం పెళ్లలుగా రాలింది. కింద నల్లరేగడి బురద చార, సరిగ్గా నా రొమ్మెత్తున. సాయంత్రానికి పేటవాళ్లంతా తమ గోడలు గీకేశారు. ఒక్కో చారనూ కొలిచి రాసుకున్నాను.

ఇలాంటి పనికి వెళ్లేవాళ్లు పండగ సున్నాలు పడకముందే వెళ్లండి. రెండేళ్లకు వాగు మళ్లీ పొంగింది. నీళ్లు తీశాక వెళ్లి చూస్తే పాత గోడల మీద కొత్త చార ఇంకో జానెడు పైనే ఉంది. ఆ ఇళ్లలో మనుషులు లేరు, అందరూ అప్పటికే మెరక మీద ఇచ్చిన స్థలాల్లో ఉన్నారు. అక్కడే నిలబడి ఏడ్చేశాను. దివిసీమలో నేను గీసినవన్నీ పోయినవాళ్ల ఊళ్ల చుట్టూ గీసిన గీతలు. బతికున్నవాళ్ల కోసం గీసింది ఇదొక్కటే.