లాడ్ బజార్‌లో పోని కరెంటు

లాడ్ బజార్‌లో గాజుల దుకాణం పైగదిలో నేను ఫిజిక్స్ ట్యూషన్ చెబుతాను. ఈ రోజు సాయంత్రం బోర్డు మీద ఎదురెదురుగా రెండు లోహపు ప్లేట్లు, వాటిని కలుపుతూ ఒక తీగ గీసి, "ఇటు నుంచి అటు కరెంటు పోతోంది!" అని అరిచాను. కింద దుకాణం ఖాజా భాయ్‌కి చివరి రెండు మాటలే వినబడ్డాయి. ముందుజాగ్రత్తగా జనరేటర్ వేశాడు. ఆయన్ని చూసి గల్లీ అంతా వేసింది. పొగకు దగ్గుతూ కిందికి పరిగెత్తాను.

"కరెంటు పోలే భాయ్!"

"పోతున్నదని మీరే అంటిరి గద సార్?"

"పోతది గని, ఇక్కడ ఎంత బయలెల్లితే అక్కడ గంతే చేరుతది. నడుమ ఛార్జ్ ఏం మాయం గాదు."

"ఏం పోనప్పుడు గంత లొల్లి ఏంది సార్?"

రేపటి క్లాసుకు వేరే మాట తోస్తే చెప్పండి. "ప్రవహిస్తోంది" మాత్రం వద్దు. మూసీ పొంగిందని షట్టర్లు దించేస్తారు.