నలభై మీటర్లు తక్కువ

1997 జూన్ 20, శుక్రవారం, ఉదయం పదకొండున్నర. అనంతగిరి పైన నేను లెక్కలు చెప్పే ఆశ్రమ పాఠశాల ముందు లారీ ఆగి ఇనప పైపులు దించింది. మా వంటామె ఊరికి కొండ మీది ఊట నీళ్లు దింపే పైపులవి. ఆమెకు రెండేళ్ల కూతురు. ఆ పిల్లను వీపున కట్టుకుని, బిందెతో కొండెక్కి దిగే బాధ తప్పుతుందని వారం నుంచీ ఆమెకు అదే మాట.

పైపులు యాభై, ఒక్కోటి ఆరు మీటర్లు. సూపర్‌వైజరు చేతిలోని ప్లాను తీసుకుని చూశాను. ఊట ఊరికి నేరుగా ఉత్తరాన, మూడు వందల మీటర్ల దూరంలో, నూట అరవై మీటర్ల ఎత్తులో ఉంది. ఆ మూడు వందలు మ్యాపు మీద స్కేలు పెట్టి కొలిచినవి. కాగితం మీద కొండ కూడా చదునే. పైపు వేసేది వాలు మీద, అంటే కర్ణం మీద. మూడు వందల వర్గం తొంభై వేలు, నూట అరవై వర్గం ఇరవై అయిదు వేల ఆరు వందలు. రెండూ కూడి వర్గమూలం తీస్తే మూడు వందల నలభై.

“ఏడు పైపులు తక్కువొచ్చాయి,” అన్నాను.

ఆయన విజయనగరం వైపు మనిషి. నవ్వాడు. “ఏటి టీచరమ్మా, కొండకి కూడా పాఠం సెప్తన్నారా? సరుకు తెమ్మన్న ఇండెంటులో మూడొందల మీటర్లే ఉంది. నానేటి సెయ్యాల?”

ఊరి దగ్గర మొదలుపెట్టి పైకి వేసుకుంటూ వెళ్లారు. ఊట ఇంకా నలభై మీటర్లుందనగా పైపులు అయిపోయాయి. కొత్త అంచనా మంజూరైతే మిగతావి వస్తాయన్నారు. ఊరివాళ్లు ఆగలేదు. వెదుళ్లు నిలువునా చీల్చి, ఒకదాని కింద ఒకటి పేర్చి, ఊట నుంచి పైపు నోటికి నీళ్లు మళ్లించారు. కుళాయి పారింది. వంటామె బళ్లో అందరికీ బెల్లం పంచింది.

ఆ వెదురు కాలవకు మూత లేదు. అది పశువులు మేసే వాలు. నీళ్లు కాచి తాగమని ఆమెకు చెప్పాను.

“కొళాయి నీరు కూడా కాయాలేటి పంతులమ్మా? మరింక కొళాయెందుకు?”

జూలైలో ముసురు పట్టింది. పేడ కడిగిన వాననీళ్లు కాలవలోకి దిగాయి. ఊట దగ్గర ముంచుకున్నన్నాళ్లు ఎవరికీ ఏమీ కాలేదు. ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ వాంతులు, విరేచనాలు. వంటామె కూతుర్ని డోలీలో రోడ్డుకు మోశారు. జీపు వచ్చేసరికి ఆ పిల్ల లేదు.

మిగతా పైపులు డిసెంబరులో వచ్చాయి. నీళ్లు బాగున్నాయన్నారు. వంటామె మాత్రం ఆ కుళాయి ముట్టలేదు. బిందె పట్టుకుని ఊటకే ఎక్కేది.

ఆ ముసురులో పోయినవాళ్లు: వంటామె కూతురు, రెండేళ్లు. ఆమె పక్కింటి ముసలాయన. ఆయన మనవరాలు, మా బళ్లో ఏడో తరగతి. మొత్తం ముగ్గురు.