వంకర మీట

ఆ ఆస్పత్రిలో అందరికీ ఆయన జనరేటర్ బాబాయి. అసలు పేరు జీతాల క్లర్కుకు తెలిసి ఉండాలి, ఆయనకూ గుర్తుందని గట్టిగా చెప్పలేం. ఇరవై ఆరేళ్ళుగా ఆయన ఉద్యోగం ఒక్కటే. కరెంటు పోగానే ఆస్పత్రి వెనక రేకుల గదిలో ఉన్న డీజిల్ ఇంజను స్టార్ట్ చేయడం, కరెంటు ఉన్నంతసేపూ అది పోతుందేమోనని స్టూలు మీద కూర్చోవడం. కూర్చున్నందుకు కూడా జీతమా అని సణిగిన మహానుభావులు చాలామందే ఉన్నారు. లైట్లు ఆరినప్పుడు "బాబాయ్, ఎక్కడున్నావ్ బాబాయ్!" అని మెట్ల మీదనుంచి గొంతు చించుకున్నదీ వాళ్ళే.

స్టార్ట్ చేయడానికి ఆయనకొక తతంగం ఉండేది. ఆయిలు పుల్ల లాగి, గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి చూడాలి. రేడియేటరులో నీళ్ళు చూడాలి. బ్యాటరీ వైర్లు బొటనవేలితో నొక్కాలి. తాళం తిప్పి, జ్వరం చూసినట్టు ఇంజను మీద అరచెయ్యి పెట్టి, ఆయిలు ప్రెషరు ముల్లు పైకి లేచాక లైను మార్చే హ్యాండిలు ఎత్తి కొట్టాలి. మొత్తం నలభై సెకన్లు. ఆ పనిలో ఆయనను మించినవాడు ఆ ఆస్పత్రిలో లేడు. పోటీకి వచ్చినవాడూ లేడనుకోండి.

ఇంత ఘన చరిత్రలో ఒక్క మచ్చ ఉంది. రెండేళ్ళ క్రితం ఒక మధ్యాహ్నం ఇంజను నడుస్తుండగా ఆయిలు కారిపోయి, ముల్లు పడిపోతూ వచ్చింది. ఆపాలి సార్ అని బాబాయి మొత్తుకున్నాడు. పైన ఆపరేషను జరుగుతోంది, ఆపావంటే నీ సంగతి చూస్తానన్నాడు మేనేజరు. బాబాయి ఆపలేదు. ఆపరేషను పూర్తయింది, ఇంజనూ పూర్తయింది. రెండు నెలలు విచారణ జరిపి, ఇంజనును సమయానికి ఆపకపోవడం బాబాయి నిర్లక్ష్యమేనని తేల్చారు. తేల్చిన కమిటీకి పెద్ద ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

ఆ మేనేజరును సిబ్బంది చాటుగా స్కేలు అనేవాళ్ళు. వంకరగా ఉన్నదేదీ ఆయన కళ్ళు సహించవు. నడుస్తూ నడుస్తూ గోడమీది పటాలు సర్దుతాడు, కుర్చీలను వరసలో పెడతాడు, రోగి చెప్పులు ఎడంగా ఉంటే కాలితో దగ్గరికి జరుపుతాడు. రోగి సంగతి డాక్టర్లు చూసుకుంటారు.

రెండేళ్ళు అద్దె ఇంజనుతో నెట్టుకొచ్చాక, కొత్త ఇంజనుతో పాటు కంట్రోలరు వచ్చింది. గోడకు బిగించిన బూడిదరంగు పెట్టె, చిన్న తెర, నాలుగు దీపాలు, మధ్యలో ఒక నల్లటి మీట. దాన్ని బిగించడానికి వచ్చిన కంపెనీ ఇంజనీరమ్మ నడివయసు మనిషి. గ్రీజు చేతులతోనే టీ గ్లాసు పట్టుకుని బాబాయికి అన్నీ విడమరిచి చెప్పింది.

"కరెంటు పోతే పది సెకన్లలో ఇదే స్టార్ట్ చేస్తుంది అన్నయ్యా. ఆయిలు ప్రెషరు పడిపోయినా, నీళ్ళు మరిగినా, ఇంజను అతివేగం అందుకున్నా ఇదే ఆపేస్తుంది."

"మేనేజరు గారు ఆపొద్దంటే?"

"దీనికి చెవుల్లేవుగా."

"అదృష్టవంతురాలు," అన్నాడు బాబాయి.

"ఈ మీట ఒక్కటి చూసుకోండి. ఎడమకి తిప్పితే చేత్తో నడుపుకోవడం. కుడికి వంచితే ఆటో. నిలువుగా ఉంటే ఆఫ్. నిలువుగా ఉందంటే ఆకాశం ఊడిపడ్డా ఇది కదలదు."

మర్నాడు బాబాయికి మెమో వచ్చింది. కంట్రోలరును ముట్టుకోరాదు, జనరేటరు గదిలోకి అడుగు పెట్టరాదు, ప్రారంభోత్సవం నాడు యూనిఫారంలో గది బయట నిలబడవలెను. పెట్టె సవ్యంగా పనిచేసిందా, ఆ మర్నాటినుంచి గేటు దగ్గర వచ్చేపోయే బండ్ల నంబర్లు రాసుకోవాలి.

"గేటు దగ్గరైతే ఏమైందట? గాలైనా ఆడుతుంది. పాతికేళ్ళుగా మీ చొక్కాల డీజిలు కంపు ఉతకలేక చస్తున్నా," అంది భార్య.

ఆయన పళ్ళెంలో అన్నం అలాగే వదిలేసి లేచాడు. ఆవిడకు అప్పుడు అర్థమైంది, గాలి సంగతి కాదని.

ప్రారంభోత్సవం రోజు పొద్దున పదకొండుకు ముహూర్తం పెట్టారు. అతిథులందరూ హాల్లో కూర్చుని లైట్లు ఆరడం, మళ్ళీ వెలగడం చూసి చప్పట్లు కొట్టాలి. వాళ్ళకు వివరించడానికి ఇంజనీరమ్మను హాల్లోనే నిలబెట్టారు. అవతలి భవనంలో ఎలక్ట్రీషియను మెయిను ఆపడానికి ఫోను కోసం కాచుక్కూర్చున్నాడు. పిల్లల వార్డు హెడ్ నర్సు మాత్రం గొడవపెట్టింది. నెలలు నిండని పాప ఊపిరి మిషను మీద ఉంది, దాని బ్యాటరీ పాతది, నిమిషం కూడా ఆగేలా లేదు అంది. పది సెకన్లే కదమ్మా అని ఆమె నోరు మూయించారు.

పదకొండుకు ఇంకా ఎనిమిది నిమిషాలుందనగా స్కేలు ఫోటోగ్రాఫరును వెంటబెట్టుకుని జనరేటరు గదికి వచ్చాడు. ఫోటోలో మెరుస్తాయని కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. పెట్టె పక్కన నిలబడి, మీట వైపు చూసి మొహం చిట్లించాడు.

"ఇదేంటి, ఇంత వంకరగా ఉంది?"

చెయ్యి వేసి చక్కగా నిలువుగా తిప్పాడు. ఎర్ర దీపం మిణుకుమంది. అది కూడా ఫోటోలో పడితే అందంగా ఉంటుందని చెయ్యి తీయకుండానే నవ్వాడు. ఫ్లాష్ వెలిగింది.

గడప బయట నిలబడ్డ బాబాయి ఉండబట్టలేక, "సార్, ఆ మీట..." అన్నాడు.

"నిన్ను మాట్లాడమన్నానా?"

"కాదు సార్, అది నిలువుగా..."

"మెమో చదువుకున్నావా లేదా?"

చదువుకున్నాడు. కాబట్టి నోరు మూసుకున్నాడు. స్కేలు హాలుకు వెళ్ళిపోయాడు. బాబాయి గడప బయట ఒక్కడే నిలబడి, వంకర తీరిన ఆ మీటను చూస్తుంటే కడుపులో చల్లగా ఉంది. ఇన్నాళ్ళకు ఒక్క పని కూడా చేయకుండా గెలవబోతున్నాడు. మెమోలో రాసింది రాసినట్టు పాటిస్తే చాలు, పెట్టె పరువు పోతుంది, గేటు పీడ పోతుంది, స్కేలు మొహం చూడ్డానికి మాత్రం హాలుకు పరుగెత్తాలి.

లైట్లు ఆరాయి.

బాబాయి లెక్కపెట్టాడు. పది. పెట్టె పలకలేదు. పదిహేను. హాలు వైపునుంచి గుసగుసలు. ఇరవై ఐదు. ఎవరో అతిథి దగ్గాడు. ముప్పై దాటాక వార్డు వరండాలోంచి హెడ్ నర్సు గొంతు వినబడింది. పొద్దున గొడవపెట్టిన గొంతు కాదది, ఏడుపు.

"బాబాయ్! మిషను ఆగిపోతోంది బాబాయ్!"

ఆయన కాళ్ళు మెమో చదవలేదు. గడప దాటి, మీటను కుడికి వంచాడు. ఇంజను దగ్గి, గర్జించి, అందుకుంది. హాల్లో లైట్లు వెలిగాయి, చప్పట్లు మోగాయి. మానవ ప్రమేయం లేకుండా యంత్రమే తనంతట తాను అన్నీ చూసుకున్నదని స్కేలు మైకులో చెప్పాడు. కొంచెం ఆలస్యమైంది కదా అని ఎవరో అడిగితే, మొదటిరోజు కదా, సిగ్గుపడిందన్నాడు. అందరూ నవ్వారు. పాప బతికింది.

సాయంత్రం ఇంజనీరమ్మ పెట్టె తెర మీద వరసలు పైకి జరుపుతూ చదివింది. ఆ పెట్టె తనకు జరిగిందంతా టైముతో సహా రాసుకుంటుందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. పది యాభై రెండుకు ఎవరో ఆటోనుంచి ఆఫ్‌కు మార్చారు. పదకొండు దాటాక ఎవరో ఆఫ్‌నుంచి ఆటోకు మార్చారు. ఎవరన్నది మాత్రం పెట్టె రాయదు. ఆ లోటు స్కేలు తీర్చాడు. బాబాయే కుట్రతో ఆపి, బాబాయే తిప్పి రక్షించినట్టు నటించాడని, ఉద్యోగంలోంచి ఎందుకు తీసేయకూడదో మూడు రోజుల్లో చెప్పమని రెండో మెమో ఇచ్చాడు.

మూడో రోజు బాబాయి జవాబు ఇచ్చాడు. రెండే వాక్యాలు. "మీట తిప్పిన చెయ్యి ఎవరిదో దయచేసి చూడగలరు. జత: ఫోటో ఒకటి." అప్పటికే ఆ ఫోటో పెద్దదై, ఫ్రేములో, ఆఫీసు వరండాలో అందరికీ కనిపించేలా వేలాడుతోంది. నవ్వుతున్న స్కేలు, ఆయన చేతి కింద నిటారుగా మీట, వెనక గోడమీద బాబాయి పాత గడియారం. గడియారంలో పది యాభై రెండు. కొంచెం కూడా వంకర లేకుండా వేలాడుతోంది ఫ్రేము.

ఆ సాయంత్రానికి పటం మాయమైంది, మెమో మాయమైంది. గేటు మాట కూడా ఎవరూ ఎత్తలేదు. బదులుగా కొత్త ఆర్డరు వచ్చింది. ఆటోమేటిక్ పరికరం ఆటోమేటిక్‌గానే ఉండునట్లు చూచుటకు ఒక మనిషి అవసరమైనందున బాబాయిని ఆ పనిమీద నియమించడమైనది. గంటకోసారి మీట వంకరగా ఉన్నదని రిజిస్టరులో రాసి సంతకం పెట్టవలెను. భార్య ఆ కాగితం రెండుసార్లు చదివి, నవ్వలేక పొట్ట పట్టుకుంది.

"అయితే ఇక కంపు ఉండదన్నమాట."

"ఉంటుంది. స్టూలు అక్కడే," అన్నాడాయన గర్వంగా.

నెల తర్వాత ఇంజనీరమ్మ తనిఖీకి వచ్చింది. తెర మీద పాత వరసలు చూస్తూ చూస్తూ ఒకచోట ఆగింది. గదిలో ఇద్దరే ఉన్నారు. అయినా గొంతు తగ్గించింది.

"అన్నయ్యా, ఇది నేనెవరికీ చెప్పలేదు. కరెంటు పోయింది పదకొండూ మూడు నిమిషాల పది సెకన్లకి. మీరు మీట తిప్పింది నలభై ఐదో సెకనుకి. మీరు గడప దగ్గరే ఉన్నారుగా. మధ్యలో ముప్పై ఐదు సెకన్లు ఏం చేశారు?"

బాబాయి గుడ్డ తీసి, శుభ్రంగానే ఉన్న ఆయిలు పుల్లను మళ్ళీ తుడిచాడు. ఆ పాప తల్లి డిశ్చార్జి రోజున వచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకుని ఏడ్చిన సంగతి ఆయనకు గుర్తొచ్చింది. ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు ఆ రోజు తెలియలేదు, ఇప్పుడూ తెలియలేదు.

"గెలుస్తున్నానమ్మా," అన్నాడు.